స్టాపర్ బ్యాక్ కోచ్ అయితే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో, ఫుట్‌బాల్‌లో గోలు పడకుండా కాచే డిఫెండర్ ఆట గురించి ఈ పేజీలో రాసిన నాలుగు మాటలకు విశాఖ నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ మంది అడిగినది ఒకటే: ఆట మానేశాక డిఫెండర్ మేనేజర్‌గా ఎలా మారతాడు, ఆ దారి మన ఊరి పిల్లలకు ఉందా అని. నేను పద్నాలుగేళ్లు ఒక శాఖ జట్టులో స్టాపర్‌గా, అంటే గోలు ముందు మధ్యలో నిలబడే డిఫెండర్‌గా ఆడి, ఆ తరువాత పిల్లలకు ఆట నేర్పుతూ వచ్చినవాణ్ని కనుక ఈ సంచిక మొత్తం ఆ ఉత్తరాలకే కేటాయించమని సంపాదకులను కోరాను.

ప్రశ్న: నేను మా కాలేజీ జట్టులో స్టాపర్‌గా ఆడతాను. పరుగు తక్కువగా ఉందని సెలక్షన్లలో రెండుసార్లు తీసేశారు. డిఫెండర్లే మంచి మేనేజర్లు అవుతారని మా సీనియర్ ఒకరు అన్నారు. అది నిజమేనా? నిజమైతే ఆట మానేసి ఇప్పటినుంచే కోచింగ్ వైపు వెళ్లవచ్చా? (ఇంటర్ రెండో ఏడాది విద్యార్థి, గాజువాక)

జవాబు: బాబూ, మీ సీనియర్ చెప్పిన మాటలో సగం నిజం ఉంది. ముందు ఆ సగం సంగతి చూద్దాం. ఫార్వర్డ్ చాలాసార్లు అవతలి గోలుకు వీపు పెట్టి బంతి అందుకుంటాడు. మిడ్‌ఫీల్డర్‌కు నాలుగు వైపుల నుంచీ మనుషులు మీద పడుతుంటారు కాబట్టి అతని ఆట అంతా పది గజాల వలయంలో, అర సెకను నిర్ణయాలతో గడిచిపోతుంది. స్టాపర్‌కు మాత్రం తన వెనుక ఉన్న గోలీ తప్ప మిగిలిన ఇరవై మందీ కళ్లెదుటే ఉంటారు. ఎడమ అంచు కాచే ఫుల్‌బ్యాక్ ముందుకు వెళ్లి తిరిగి రావడం ఆలస్యమైనా, మధ్యలో ఇద్దరు ఒకే మనిషి వెంట పడి ఇంకొకణ్ని వదిలేసినా మొదట చూసేది అతనే, చూసి ఊరుకోకుండా అరిచి చెప్పవలసినదీ అతనే. తొంభై నిమిషాల పాటు పక్కవాళ్లను సర్దడం, రాబోయే ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, తాను బంతి తాకకపోయినా ఆటను నడిపించడం అనే మూడు పనులు మేనేజర్ పనికి చాలా దగ్గరివి.

ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ జర్మనీకి చెందిన ఫ్రాంజ్ బెకెన్‌బావర్. ఆయన 1974లో పశ్చిమ జర్మనీ కెప్టెన్‌గా ప్రపంచకప్ అందుకున్నారు. కోచింగ్ లైసెన్సు లేకుండానే 1984లో జాతీయ జట్టు బాధ్యత తీసుకుని, 1986 ఫైనల్లో అర్జెంటీనా చేతిలో ఓడి, 1990 ఫైనల్లో అదే అర్జెంటీనాను 1-0తో ఓడించారు. డిఫెన్సులో చివరి మనిషిగా నిలబడి, అక్కడి నుంచే దాడిని మొదలుపెట్టే లిబెరో స్థానానికి ఆయన తెచ్చిన పేరు ఇప్పటికీ చెరగలేదు.

ఇక మిగిలిన సగం. పేరుమోసిన మేనేజర్లలో అలెక్స్ ఫెర్గూసన్ ఫార్వర్డ్‌గా ఆడినవారు. గార్డియోలా, అంచెలోట్టి ఇద్దరూ మిడ్‌ఫీల్డర్లు. అందుచేత స్థానం ఒక్కటే మనిషిని మేనేజర్‌ను చేస్తుందని నేను ఒప్పుకోను. దీనికి నాకు కనిపించే గట్టి రుజువు 1966 ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండ్ తరఫున డిఫెన్సు మధ్యలో పక్కపక్కనే నిలబడిన ఇద్దరు. ఒకరు కెప్టెన్ బాబీ మూర్, రెండోవారు జాక్ చార్ల్‌టన్. ఆటను చదవడంలో మూర్‌ను మించినవారు లేరని ఆ తరం వారంతా చెప్పేవారు. అయినా మేనేజర్‌గా ఆయన ఆక్స్‌ఫర్డ్ సిటీ, సౌతెండ్ యునైటెడ్ వంటి చిన్న క్లబ్బులను దాటలేదు. చార్ల్‌టన్‌కు జాతీయ జట్టులో చోటు దొరికేసరికే ముప్ఫై ఏళ్లు దగ్గర పడ్డాయి, పైగా పొడవాటి కాళ్లతో మొరటుగా ఆడతాడనే పేరు. కానీ ఆయన లీడ్స్ క్లబ్బుకు ఆడుతున్న కాలంలోనే కోచింగ్ శిబిరాలకు వెళ్లి నేర్చుకున్నారు. 1973లో మిడిల్స్‌బ్రో మేనేజర్ అయి మొదటి ఏడాదే ఆ జట్టును పై డివిజన్‌కు చేర్చారు, ఆ తరువాత ఐర్లండ్ జట్టును 1990 ప్రపంచకప్‌లో క్వార్టర్‌ఫైనల్ దాకా తీసుకువెళ్లారు. మైదానంలో ఇద్దరి కళ్లూ ఒకే చోటు నుంచి ఒకే ఆటను చూశాయి. చూసినదాన్ని మరొకరికి నేర్పే విద్య వేరుగా ఉందని ఆడుతున్నప్పుడే గుర్తించి, దాని కోసం బడికి వెళ్లినవారు చార్ల్‌టన్. నా అనుభవంలోనూ ఆటగాడిగా వచ్చినది కోచ్‌కు సగమే పనికివచ్చింది.

కాబట్టి పదిహేడేళ్లకే ఆట మానవద్దు. జర్మనీలో జూలియన్ నాగెల్స్‌మాన్ ఇరవై ఏళ్లకు, థామస్ టూహెల్ పాతికేళ్ల ప్రాయంలో ఆట ఆపి కోచింగ్‌లోకి వచ్చిన మాట నిజమే. ఇద్దరూ డిఫెండర్లే. అయితే వాళ్లు ఇష్టపడి మానలేదు, గాయాలు మాన్పించాయి. నీకు ఆ అగత్యం లేదు. పరుగు తక్కువైన స్టాపర్‌కు రెండు అడుగులు ముందే కదలడం అలవడాలి, అది చూపుతో వస్తుంది. ఒక పని చెబుతాను. ఈ ఆదివారం ఆంధ్ర విశ్వవిద్యాలయం మైదానంలోనో, రైల్వే గ్రౌండులోనో మ్యాచ్ జరుగుతుంటే హాఫ్‌లైన్ దగ్గర కాకుండా గోలు వెనుక కూర్చో. పది నిమిషాలు బంతిని వదిలేసి స్టాపర్‌ను మాత్రమే చూడు. బంతి అవతలి సగంలో ఉన్నప్పుడు అతను ఎన్నిసార్లు మెడ తిప్పి భుజం మీదుగా వెనక్కి చూశాడో, ఎవరిని పేరు పెట్టి పిలిచాడో, చేత్తో ఎవరిని ఎటు జరగమన్నాడో కాగితం మీద రాయి. మంచి స్టాపర్ మెడ పిచ్చుక మెడలా తిరుగుతూనే ఉంటుంది. చేయి ఎత్తి ఆఫ్‌సైడ్ అంటూ లైన్స్‌మన్ వైపు చూసేవాడు ఆ క్షణంలో ఆట నుంచి తప్పుకున్నట్టే. ఆ కాగితాలు నెల రోజులు పోగైతే నీ ఆట మెరుగుపడుతుంది, కోచింగ్‌కు నీ మొదటి పాఠమూ అయిపోతుంది.

ప్రశ్న: కొన్నిచోట్ల మేనేజర్ అని, కొన్నిచోట్ల హెడ్ కోచ్ అని రాస్తారు. రెండూ ఒకటేనా? (సీతమ్మధార)

జవాబు: మైదానంలో చేసే పని దాదాపు ఒకటే. ఇంగ్లండ్‌లో పూర్వం నుంచీ మేనేజర్ అంటే జట్టును ఆడించడంతో పాటు ఎవరిని కొనాలి, ఎవరిని అమ్మాలి, కుర్రాళ్ల జట్టు ఎలా నడవాలి అన్నవి కూడా చూసుకునే పెద్ద. మిగతా యూరప్‌లో కొనుగోళ్లు చూడటానికి వేరే అధికారి ఉండటం వల్ల జట్టును తయారుచేసేవారిని కోచ్ అన్నారు. ఇప్పుడు ఇంగ్లండ్‌లోనూ ఆ పద్ధతే బలపడుతోంది. మన దేశంలో వాడుక మాట కోచ్. మన జట్లలో మేనేజర్ అంటే తరచుగా టికెట్లు, బస, భోజనం చూసే మనిషి అని అర్థం కాబట్టి ఉత్తరాలలో కొందరు తికమకపడ్డారు.

ప్రశ్న: ఉదాహరణలన్నీ విదేశాలవే వింటున్నాము. మన తెలుగు నేల నుంచి డిఫెండర్‌గా ఆడి దేశానికి కోచ్ అయినవారు ఎవరైనా ఉన్నారా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, భీమిలి)

జవాబు: ఉన్నారు మాస్టారూ. ఆయన పేరు నేటి పిల్లల్లో పదిమందిలో ఒకరికైనా తెలియకపోవడం నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం. హైదరాబాదులో 1944లో పుట్టిన సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాద్ పోలీసు జట్టు నుంచి కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడిన డిఫెండర్. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో భారత జట్టుకు ఆయనే కెప్టెన్. ఆ జట్టు జపాన్‌ను ఓడించి కాంస్యం తెచ్చింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తరువాత ఇప్పటివరకూ మరో పతకం రాలేదు. అదే ఏడాది ఆయనకు అర్జున అవార్డు వచ్చింది.

కోచ్‌గా ఆయన జీవితం ఆటగాడి జీవితం కంటే పొడవైనది. 1990లో ఈస్ట్ బెంగాల్‌కు ఒకే ఏడాది ఐఎఫ్‌ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడు కప్పులూ గెలిపించారు. ఆ ఏడాదే ద్రోణాచార్య అవార్డు అందుకున్నారు. జాతీయ జట్టుకు ఒకసారి కాదు, వేర్వేరు కాలాలలో కోచ్‌గా పనిచేశారు. 2005లో కరాచీలో జరిగిన దక్షిణాసియా దేశాల శాఫ్ పోటీ ఫైనల్లో బంగ్లాదేశ్‌ను 2-0తో ఓడించిన జట్టు ఆయనదే. శిక్షణలో రాజీపడని మనిషిగా, ఒంటి దారుఢ్యం విషయంలో ఎంత పెద్ద ఆటగాడినైనా వదలని మనిషిగా ఆయనకు పేరు. ఆ కఠినత్వం కొందరు ఆటగాళ్లకు నచ్చలేదన్నది కూడా దాచవలసిన సంగతి కాదు. తన వెనుక ఇంకెవరూ లేరన్న ఎరుకతో ఏళ్ల తరబడి ఆడినవాడికి చిన్న అలసత్వం కూడా గోలుగానే కనిపిస్తుంది. ఆ భయం కోచ్ అయ్యాక కూడా వదలదని నా సొంత అనుభవం చెబుతోంది.

మీరు ఉపాధ్యాయులు కాబట్టి ఇంకొక ఉపాధ్యాయుడి మాట కూడా చెప్పాలి. డిఫెండర్ విలువ ఎంతో తెలిసిన కోచ్ కథ అది. హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం 1950 నుంచి 1963 దాకా భారత జట్టుకు కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన కాలంలోనివే. 1962లో జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లేనాటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. అక్కడ థాయిలాండ్‌తో ఆడిన మ్యాచ్‌లో స్టాపర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే అతణ్ని బెంచీ మీద కూర్చోబెట్టేవారు. డిఫెన్సులో నిలబెడితే తలతో బంతులు ఆపలేడని గ్రహించిన రహీం అతణ్ని ఏకంగా సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. దక్షిణ వియత్నాంతో సెమీస్‌లో 3-2తో గెలిచిన మ్యాచ్‌లో జర్నైల్ ఒక గోలు కొట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద పి.కె. బెనర్జీ మొదటి గోలు కొడితే రెండోది జర్నైల్ కొట్టాడు. స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా అరుస్తున్న జనం మధ్య 2-1తో స్వర్ణం మనదైంది. మరుసటి ఏడాది జూన్‌లో రహీం కన్నుమూశారు.

నేను పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడు ఒకటే అడుగుతాను: స్టాపర్‌ను ఫార్వర్డ్‌గా పంపే ధైర్యం ఆయనకు ఎక్కడి నుంచి వచ్చింది? అవతలి స్టాపర్ ఎటు కదులుతాడో, ఏ క్షణాన తడబడతాడో రోజంతా అదే పని చేసే మనిషికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది! 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచిన సంగతి మీ తరం వారికి గుర్తుండే ఉంటుంది. రహీం వేసిన బాట ఆ విజయం దాకా సాగిందని నేను నమ్ముతాను.

ప్రశ్న: ఇగోర్ స్టిమాచ్ ప్రపంచకప్‌లో కాంస్యం గెలిచిన డిఫెండర్ కదా! అంతటివాడు మన జట్టును ఎందుకు పైకి తీసుకురాలేకపోయాడు? (ఉక్కునగరం)

జవాబు: 1998లో మూడో స్థానం సాధించిన క్రొయేషియా డిఫెన్సులో స్టిమాచ్ ముఖ్యుడు. ఇంగ్లండ్‌లో డెర్బీ కౌంటీకి, వెస్ట్ హామ్‌కు ఆడాడు. సొంత దేశపు జట్టుకు కోచ్‌గా కొంతకాలం పనిచేశాక 2019 మే నెలలో భారత జట్టుకు కోచ్‌గా వచ్చాడు. ఆయన ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. వచ్చిన నాలుగు నెలలకే దోహాలో ఆసియా విజేత ఖతార్‌ను మన జట్టు 0-0తో నిలువరించింది. 2021, 2023 శాఫ్ టైటిళ్లు కూడా ఆయన కాలంలోనివే. కానీ 2024 జనవరిలో ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లూ ఒక్క గోలైనా లేకుండా ఓడాం. మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో 1-2తో ఓడాం. జూన్‌లో ప్రపంచకప్ అర్హత పోటీల మూడో దశ చేజారగానే ఆయనను తొలగించారు.

గోలు పోకుండా కాపాడటం మన జట్టుకు ఆయన కొంత నేర్పగలిగాడు, గోలు కొట్టడం నేర్పలేకపోయాడు అని నా అభిప్రాయం. అందులో ఆయన తప్పు ఎంత, క్లబ్బులలో గోలు కొట్టే స్థానాలను విదేశీయులకు ఇచ్చి మన ఫార్వర్డ్‌లను పక్కన కూర్చోబెట్టే పద్ధతి తప్పు ఎంత అని తూచితే రెండోదే ఎక్కువ బరువు తూగుతుంది. మన జట్టు ఫార్వర్డ్ సునీల్ ఛెత్రి తరువాత ఎవరు అన్న ప్రశ్నకు ఏ కోచ్ దగ్గరా తయారైన జవాబు లేదు.

అయితే ఆయనలోని పాత డిఫెండర్ బయటపడిన ఘట్టం ఒకటి చెప్పాలి. 2023 జూన్‌లో బెంగళూరు కంఠీరవ స్టేడియంలో పాకిస్తాన్‌తో మ్యాచ్ జరుగుతోంది. మనం రెండు గోల్స్ ఆధిక్యంలో ఉన్నాం. పాకిస్తాన్ ఆటగాడు త్రో వేయబోతుండగా గీత పక్కన నిలబడిన స్టిమాచ్ వెనుక నుంచి అతని చేతిలోని బంతిని తట్టేశాడు. రెఫరీ ఎర్రకార్డు చూపించాడు. అదే పోటీలో కువైట్‌తో మ్యాచ్‌లో రెండోసారి ఎర్రకార్డు పడింది. దాంతో సెమీఫైనల్, ఫైనల్ రెండింటిలోనూ బెంచీ దగ్గర నిలబడి జట్టును నడిపించినది సహాయక కోచ్ మహేష్ గావ్లీ. ఆయన కూడా ఒకప్పుడు భారత జట్టు డిఫెండరే. జట్టు కప్పు గెలిచింది. ప్రమాదం కనబడగానే కాలు అడ్డుపెట్టడం డిఫెండర్ నరనరాన ఉండే అలవాటు. గీత ఇవతలికి వచ్చాక ఆ అలవాటును చంపుకోవడం ఎంత కష్టమో కోచ్‌గా నిలబడిన ప్రతి డిఫెండర్‌కూ తెలుసు.

ప్రశ్న: జిల్లా పోటీ ఫైనల్లో నా తప్పు వల్లే గోలు పడి ఓడిపోయాం. ఏడాది అయినా మా వాళ్లు ఆ మాట ఎత్తుతూనే ఉన్నారు. ఇప్పుడు మా పేట కుర్రాళ్లకు ఆట నేర్పమని అడుగుతున్నారు. నాకు ఆ అర్హత ఉందా? (కంచరపాలెం)

జవాబు: తమ్ముడూ, ఈసారి వచ్చిన ఉత్తరాలలో నేను రెండుసార్లు చదివినది నీదే. డిఫెండర్ చేసిన తొంభై మంచి పనులు ఎవరికీ గుర్తుండవు, తొంభై ఒకటోది తప్పితే అది స్కోరుబోర్డు మీద కనబడుతుంది. ఈ ఉద్యోగం స్వభావమే అది.

1996లో యూరప్ దేశాల కప్పు అయిన యూరో సెమీఫైనల్లో, లండన్ వెంబ్లీ స్టేడియంలో, జర్మనీ మీద టైబ్రేకర్‌లో (సమంగా ముగిసిన మ్యాచ్‌ను పెనాల్టీలతో తేల్చే ఘట్టంలో) ఇంగ్లండ్ డిఫెండర్ గారెత్ సౌత్‌గేట్ కొట్టిన పెనాల్టీని గోలీ ఆపేశాడు. సొంత గడ్డ మీద ఫైనల్ చేజారింది. ఆ ఒక్క తన్నుతోనే దేశమంతా ఆయనను గుర్తుపెట్టుకుంది. ఆట మానగానే 2006లో మిడిల్స్‌బ్రో మేనేజర్ పదవి ఇచ్చారు. అప్పటికి ఆయన దగ్గర ఆ స్థాయికి కావలసిన లైసెన్సు లేదు, ప్రత్యేక అనుమతి మీద నడిపించారు. మూడో ఏట జట్టు కింది డివిజన్‌కు పడిపోయింది, కొద్ది నెలలకు ఆయన ఉద్యోగం పోయింది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆయన వెనక్కి వెళ్లి, 2013లో ఇరవై ఒకటి లోపు కుర్రాళ్ల జాతీయ జట్టుతో మళ్లీ మొదలుపెట్టి, 2016లో పెద్ద జట్టుకు వచ్చాడు.

2018 ప్రపంచకప్‌కు ముందు ఆయన పెనాల్టీలను అదృష్టానికి వదలలేదు. ఎవరు ముందు, ఎవరు తరువాత అన్నది, మధ్య వలయం నుంచి బంతి దాకా నడిచే నడకను, ఈల వినగానే తొందరపడకుండా ఊపిరి పీల్చుకోవడాన్ని కూడా సాధన చేయించాడు. మాస్కోలో కొలంబియా మీద ఇంగ్లండ్ తన చరిత్రలో మొదటిసారి ప్రపంచకప్ టైబ్రేకర్ గెలిచింది. అందరూ ఎగిరి గంతులేస్తుంటే సౌత్‌గేట్ వెళ్లి, పెనాల్టీ తప్పిన కొలంబియా ఆటగాడి భుజం చుట్టూ చేయి వేశాడు. ఆ దృశ్యం చూసి నేను చాలాసేపు మౌనంగా కూర్చున్నాను. మూడేళ్ల తరువాత యూరో ఫైనల్లో ఇటలీ మీద టైబ్రేకర్‌లో ఓడినప్పుడు, ఎవరు కొట్టాలో నిర్ణయించినది తానేనని, తప్పు తనదేనని చెప్పి కుర్రాళ్లను కాచుకున్నాడు. 102 మ్యాచ్‌లకు మేనేజర్‌గా ఉండి, 2024 యూరో ఫైనల్లో స్పెయిన్ చేతిలో ఓడాక తప్పుకున్నాడు. పెద్ద కప్పు ఒక్కటీ గెలవలేదని ఆయనను తక్కువ చేసేవారితో నేను ఏకీభవించను.

నా తప్పు కూడా ఒకటి చెబుతాను. మొదటిసారి ఒక బడి జట్టును అప్పగించినప్పుడు, నేను ఆడినట్టే నా స్టాపర్ ఆడాలనుకుని గీత పక్క నుంచి అరుస్తూనే ఉన్నాను. జరుగు, వెనక్కి రా, వాణ్ని చూడు అని ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఒక మ్యాచ్‌లో, సముద్రం మీది నుంచి గాలి బలంగా వీస్తున్న సాయంత్రం, అవతలి గోలీ కొట్టిన ఎత్తు బంతి గాలికి మధ్యలోనే ఆగి మా వాడి ముందు పడబోతోంది. ఆ క్షణంలో నేను ఏదో అరిచాను. ఆ పిల్లవాడు బంతిని వదిలి నా వైపు చూశాడు. బంతి అతని వెనుక పడింది, గోలైంది. వాడు ఏడుస్తుంటే అందరూ వాణ్ని తిట్టారు, కానీ తప్పు నాది. ఆట చూడవలసిన కళ్లను నేను నా వైపు తిప్పుకున్నాను. అప్పటి నుంచి మ్యాచ్ జరుగుతుండగా స్టాపర్‌తో మాట్లాడటం మానేశాను. చెప్పవలసినదంతా ముందు వారం శిక్షణలో చెబుతాను, లేదా విరామంలో చెబుతాను.

నీకు అర్హత ఉంది. మీ పేట పిల్లలకు నేర్పేటప్పుడు మొదటి రోజే ఆ ఫైనల్ గోలు ఎలా పడిందో ఇసుకలో గీసి చూపించు. నువ్వు ఎక్కడ నిలబడ్డావు, ఎక్కడ నిలబడి ఉండాలి అన్నది వాళ్లనే చెప్పమను.

ప్రశ్న: నేను బి.పి.ఎడ్. (వ్యాయామ విద్య డిగ్రీ) చదువుతున్నాను. యూనివర్సిటీ మహిళల జట్టులో ఫుల్‌బ్యాక్‌ను. ఆడపిల్లలకు ఈ దారి ఉందా? (పెందుర్తి)

జవాబు: ఉందమ్మా, పైగా నీ చదువే అందుకు మంచి పునాది. నెదర్లాండ్స్‌కు చెందిన సరీనా వీగ్‌మాన్ మిడ్‌ఫీల్డర్‌గా మొదలై తరువాత డిఫెండర్‌గా ఆడారు. వ్యాయామ ఉపాధ్యాయురాలిగా కూడా పనిచేశారు. కోచ్‌గా 2017లో సొంత దేశానికి, 2022లోనూ 2025లోనూ ఇంగ్లండ్‌కు యూరో టైటిల్ గెలిపించారు. రెండు వేర్వేరు దేశాలను 2019, 2023 ప్రపంచకప్ ఫైనళ్లకు చేర్చారు. మన దేశంలో గోవాకు చెందిన మేమోల్ రాకీ 2017లో జాతీయ మహిళల జట్టు కోచ్ అయ్యారు. బాలికల జట్లు పెరుగుతున్నంతగా మహిళా కోచ్‌లు పెరగడం లేదు కాబట్టి నీవంటివారి అవసరం మన జిల్లాలోనే ఎంతో ఉంది. దారి వివరాలు కింది జవాబులో ఉన్నాయి, అవి నీకూ వర్తిస్తాయి.

ప్రశ్న: మా అబ్బాయి డిఫెండర్. ఫుట్‌బాల్‌లోనే ఉంటానంటున్నాడు. ఆటగాడిగా పది, పదిహేనేళ్లకు మించి ఉండదు కదా, ఆ తరువాత ఏమిటన్నది నా బెంగ. కోచ్ కావాలంటే ఏమి చదవాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి? (తండ్రి, ఎంవీపీ కాలనీ)

జవాబు: మీ బెంగ సహజమైనది, దాన్ని అబ్బాయి మీద కోపంగా మార్చకుండా ప్రశ్నగా పంపినందుకు సంతోషం. మన దేశంలో కోచింగ్ లైసెన్సుల మెట్లు ఉన్నాయి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే డి లైసెన్సు తరువాత ఆసియా సమాఖ్య పరిధిలోని సి, బి, ఏ, చివరకు ప్రో లైసెన్సు వస్తాయి. ఇండియన్ సూపర్ లీగ్ క్లబ్బుకు హెడ్ కోచ్ కావాలంటే ప్రో లైసెన్సు గానీ దానితో సమానమైనది గానీ ఉండాలి. ఒక మెట్టుకూ మరో మెట్టుకూ మధ్య నిజంగా ఒక జట్టుకు శిక్షణ ఇచ్చిన అనుభవం చూపించాలి కనుక పై దాకా వెళ్లడానికి ఏళ్లు పడుతుంది. ఇవి కాక పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా ఉంది. ప్రభుత్వ కోచ్ ఉద్యోగాలకు దానికి విలువ ఉంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి అంటే ఆడుతున్నప్పుడే అంటాను. మోహన్ బగాన్ డిఫెన్సులో పదిహేడేళ్లు ఒకే క్లబ్బుకు నిలబడిన సుబ్రత భట్టాచార్య ఆ తరువాత అదే క్లబ్బుకు కోచ్‌గా 1999-2000, 2001-02 జాతీయ లీగ్ టైటిళ్లు గెలిపించారు. అంతకాలం ఒకే గదిలో ఎందరో కోచ్‌ల మాటలు విన్నవాడికి అది పెద్ద ఆస్తి. జర్మనీలో యుర్గెన్ క్లాప్ మైంజ్ క్లబ్బులో ఫార్వర్డ్‌గా మొదలై డిఫెండర్‌గా మారి, 2001లో అదే జట్టుకు ఆటగాడి కుర్చీ నుంచి నేరుగా మేనేజర్ కుర్చీలోకి వెళ్లినవాడు. ఆయనకు 2019లో లివర్‌పూల్‌తో యూరప్ క్లబ్బుల కప్పు గెలిచేసరికి పద్దెనిమిదేళ్లు పట్టింది. దీనికి ఎదురు ఉదాహరణ ఆర్సెనల్ కెప్టెన్ టోనీ ఆడమ్స్. ఆటగాడిగా ఎంతో గొప్ప డిఫెండర్. 2017లో స్పెయిన్‌లో గ్రనాడా జట్టును ఏడు మ్యాచ్‌ల కోసం తీసుకుని ఏడూ ఓడాడు. పేరు చూసి ఇచ్చిన పదవిని పేరు నిలబెట్టలేకపోయింది.

జీవనం సంగతికి వస్తే ఆటగాడిగా ఉండగానే రైల్వే, పోలీసు వంటి శాఖలలో క్రీడాకారుల కోటా కింద ఉద్యోగం సంపాదించడం మన ప్రాంతంలో ఇప్పటికీ నమ్మదగిన దారి. నా ఇల్లు నడిచినది కూడా అలాంటి ఉద్యోగంతోనే. డిగ్రీ వదలవద్దని అబ్బాయికి గట్టిగా చెప్పండి. లైసెన్సు కోర్సులలో పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి, శిక్షణ ప్రణాళిక కాగితం మీద రాసి చూపాలి, నలుగురి ముందు నిలబడి వివరించాలి. మన పిల్లలు ఆటలో కాక అక్కడ వెనుకబడటం నేను చూశాను.

పద్దెనిమిది నిండిన తరువాత డి కోర్సు గురించి జిల్లా, రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘాల వారిని అడగండి. ఈలోగా సెలవు రోజుల్లో పొద్దున్నే మీ కాలనీ చిన్నపిల్లలను పదిమందిని పోగుచేసి గంట సేపు ఆడించమనండి. బీచ్ ఇసుక అయినా చాలు. ప్రతిసారీ ఏమి నేర్పాలనుకున్నాడో, ఏమి జరిగిందో ఒక నోటుపుస్తకంలో రాసుకోమనండి. కోర్సుకు వెళ్లే రోజున ఆ పుస్తకంతో పాటు బూట్లు కూడా పట్టుకెళ్లాలి, ఎందుకంటే పరీక్షలో సగం తరగతి గదిలో కాదు, గడ్డి మీదే జరుగుతుంది.